జాతకానికి మించిన ఖర్చు: జయనగర్‌లో ఒక కెరీర్ సలహా కేంద్రం

మూడు సిట్టింగులకు 18,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 21,240. ఫోనులో ఈ లెక్క విని మా అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ప్రొద్దుటూరులో సిద్ధాంతి గారికి నూట పదహార్లు ఇచ్చి ఉంటే ఆయనా ఇదే చెప్పేవాడు కదే" అంది. మొదటి సిట్టింగు అయ్యాక అమ్మ మాటే నిజమనిపించింది. రెండోది అయ్యాక మాత్రం మనసు మార్చుకున్నాను.

కేంద్రం పేరు రాయడం లేదు. వాళ్ల మీద నాకు ఫిర్యాదులున్నాయి, వాటికి వాళ్ల సమాధానం ఏమిటో నేను వినలేదు. పైగా బెంగళూరులో ఇలాంటి బోర్డులు వీధికొకటి కనిపిస్తాయి. లోపల ఏం జరుగుతుందో తెలిస్తే వెళ్లేవాళ్లకు అది చాలు.

నేను పన్నెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. ఎలక్ట్రానిక్ సిటీలో ఆఫీసు, బొమ్మసంద్రలో సొంత ఫ్లాటు, ఏడేళ్ల పాప. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా పని. చేతికి నెలకు 1,40,000 వస్తుంది. తక్కువని ఎవరితో అన్నా తంతారు. కానీ ఆదివారం సాయంత్రం నాలుగు దాటిందంటే నాకు ముఖం మాడిపోయేది, ఆ మాడిన ముఖం చూసి ఇంట్లో అందరూ మెల్లగా పక్క గదిలోకి జారుకునేవారు. డబ్బుంది, పనిలో అర్థం లేదు. అర్థమున్న పని చేద్దామంటే ఇంటి వాయిదా ఎవరు కడతారు? 2025 జనవరిలో ఈ ప్రశ్న పట్టుకుని నాలుగో బ్లాక్ కాంప్లెక్స్ దగ్గర మెట్లెక్కాను. అప్పటికి మెట్రో ఎల్లో లైన్ మొదలు కాలేదు. సిల్క్ బోర్డు మీదుగా బస్సులో గంటన్నర పట్టింది.

మొదటి సిట్టింగు దండగ. ఒక కుర్రవాడు నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి నూట ఇరవై ప్రశ్నలిచ్చాడు. నాకు యంత్రాలు ఇష్టమా, మనుషులు ఇష్టమా, పక్షులకు గూడు కట్టాలనిపిస్తుందా, ఇలాంటివి. అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ హాలండ్ మనుషుల అభిరుచులను ఆరు రకాలుగా విడగొట్టాడు, దాని మీద అల్లిన పరీక్ష అది. పద్ధతిలో తప్పేమీ లేదు, వాడిన తీరులోనే ఉంది. రంగురంగుల ఇరవై ఎనిమిది పేజీల నివేదిక చేతికొచ్చింది. నేను "పరిశోధక, సామాజిక" స్వభావం గలదాన్నట, ఉపాధ్యాయ వృత్తి నప్పుతుందట. పద్నాలుగో పేజీలో నా పేరుకు బదులు ఇంకెవరో అబ్బాయి పేరుంది. అడిగితే, "టెంప్లేటులో పొరపాటు మేడం" అన్నాడు. ఆ అబ్బాయి కూడా ఈపాటికి ఎక్కడో ఉపాధ్యాయుడై ఉంటాడు.

తర్వాత ఇకిగాయ్ అనే నాలుగు వలయాల బొమ్మ చూపించాడు. నీకు ఇష్టమైనది, నీకు వచ్చినది, లోకానికి కావలసినది, డబ్బులొచ్చేది. నాలుగూ కలిసే చోటే జీవిత పరమార్థమట, జపాన్ వాళ్ల వెయ్యేళ్ల రహస్యమట. ఇంటికొచ్చి వెతికాను. ఇకిగాయ్ అన్న మాట జపాన్‌దే. కానీ వాళ్ల వాడుకలో అది రోజూ పొద్దున లేవాలనిపించే చిన్న చిన్న సంగతులకూ వర్తిస్తుంది, అందులో డబ్బు వలయమేమీ లేదు. స్పెయిన్‌లో ఒకాయన వేరే ఉద్దేశంతో గీసిన బొమ్మ మధ్యలో ఈ మాటను 2014లో ఒక బ్రిటిష్ బ్లాగరు అతికించాడు, అంతే. 21,240 తీసుకునేవాళ్లు ఈ మాత్రం చూసుకోవద్దా?

రెండో సిట్టింగు పెద్దాయనతో. హిందూపురం వాసి, ముప్పై ఏళ్లు కంపెనీల్లో మానవ వనరుల విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ఆ రంగుల నివేదికను తెరవకుండానే పక్కన పెట్టేశారు. "పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు తెచ్చావామ్మా?" అన్నారు. తెచ్చాను. ఒక పసుపు పెన్ను, ఒక ఆకుపచ్చ పెన్ను ఇచ్చారు. మానితే ఇల్లు నడవనివన్నీ ఆకుపచ్చ. పనిలో అలసిపోయో, విసిగిపోయో, "ఈ మాత్రం సుఖం నాకు దక్కకూడదా" అనుకుంటూ పెట్టినవన్నీ పసుపు.

గంటకు పైగా గీశాను. ఆకుపచ్చ నెలకు సగటున 88,000 తేలింది. ఇంటి వాయిదా, పాప స్కూలు, అమ్మకు పంపే పదివేలు అన్నీ అందులోనే. పసుపు 23,400. రాత్రి పదింటికి తెప్పించుకున్న బిర్యానీలు, సోమవారం పొద్దున బస్సెక్కే ఓపిక లేక పిలిచిన క్యాబులు, ఒక్కరోజు కూడా వెళ్లని జిమ్ముకు కట్టిన ఫీజు, విప్పకుండా అటక మీద పెట్టిన రెండు పెట్టెలు. ఆయన దానికి "అలసట పద్దు" అని పేరు పెట్టారు. "ఈ ఉద్యోగం నీకిచ్చే జీతంలోంచి నీ దగ్గరే వసూలు చేస్తున్న రుసుము అమ్మా ఇది" అన్నారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. భర్తకు చూపిస్తే ఆయన తన స్టేట్‌మెంటు తెచ్చుకుని మౌనంగా పసుపు పెన్ను అడిగారు.

ఉద్యోగం మానేసి సొంతంగా పనులు పట్టుకోవాలన్న నా కలనూ ఆ రోజే తూకం వేశారు. బయట సంపాదించే లక్ష, జీతంగా వచ్చే లక్ష ఒకటి కాదని కాగితం మీద పెట్టి చూపించారు. కంపెనీ తన వంతుగా పీఎఫ్‌కు వేసే 12 శాతం పోతుంది. ఐదేళ్లు నిండాక ఏడాదికి పదిహేను రోజుల మూలవేతనం చొప్పున పెరుగుతూ వచ్చే గ్రాట్యుటీ అక్కడితో ఆగిపోతుంది. ఇంటిల్లిపాదికీ ఉన్న ఆరోగ్య బీమా పోతుంది. మరోవైపు, అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో 44ఏడీఏ అనే సెక్షను కింద కొన్ని వృత్తుల వాళ్లు, రాబడి 50 లక్షల లోపుంటే, అందులో సగాన్నే ఆదాయంగా చూపే వీలుండేది. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. కష్టమూ సుఖమూ రెండూ చెప్పారు. "మానేయ్" అనలేదు, "ఉండు" అనలేదు. ఈ ఒక్క సిట్టింగుకే మొత్తం డబ్బు చెల్లు.

చివర్లో ఒక ప్రశ్న వేశారు: డబ్బు రాకపోయినా గడియారం చూడకుండా చేసిన పని ఏదైనా ఉందా? నాకు పెదనాన్న గుర్తొచ్చారు. గ్లకోమాతో ఆయన చూపు పోయింది. ఫోనులో తెర మీది మాటలు చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తోనే పనులు చేసుకుంటారు. ఒక చెల్లింపుల యాప్‌లో కరెంటు బిల్లు కట్టబోతే అది "బటన్, బటన్, బటన్" అంటుందే తప్ప ఏ బటనో చెప్పదు. దసరా సెలవుల్లో మూడు రాత్రులు కూర్చుని ఆ యాప్‌లో పేరు లేని బటన్లన్నీ జాబితా రాసి కంపెనీకి పంపాను. జవాబు రాలేదు. అయినా ఆ మూడు రాత్రులూ పసుపు ఖర్చు సున్నా.

మూడో సిట్టింగు గంటన్నర అని రసీదు మీద ఉంది. నలభై నిమిషాల్లో ముగించారు, తర్వాతి వాళ్లు వచ్చేశారని. ఇది నా రెండో ఫిర్యాదు. కానీ ఆ నలభై నిమిషాల్లో పెద్దాయన ఒక మంచి పని చేశారు. "యాక్సెసిబిలిటీ రంగం, అదే, యాప్‌లు దివ్యాంగులూ వాడుకోగలిగేలా చూసే పని, దాని గురించి నాకేమీ తెలియదమ్మా" అని ఒప్పుకుని, అందులో ఉన్న తన పాత క్లయింటు ఒకామెను అడిగి, ఆమె సరేనన్నాక నంబరు ఇచ్చారు. తెలియదని చెప్పే సలహాదారుణ్ని నేను అంతకు ముందు చూడలేదు.

ఆమె చెప్పాకే నాకు గాలి ఎటు వీస్తోందో తెలిసింది. 2025 జూన్ 28 నుంచి యూరోపియన్ యూనియన్‌లో బ్యాంకింగు, ఆన్‌లైన్ అమ్మకాల వంటి సేవలు దివ్యాంగులు వాడుకోగలిగేలా ఉండాలన్న చట్టం అప్పటికి అమల్లోకి రాబోతూ ఉంది. మా కంపెనీ ఖాతాదార్లు సగం మంది అక్కడివాళ్లే. ఇక్కడా ఏప్రిల్ 30న, యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు వేసిన కేసులో, డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇన్నాళ్లూ దయగా చూసిన పని ఒక్కసారిగా గడువున్న పని అయింది. కంప్యూటరు తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌ను చూపు లేని ఒక ఆస్ట్రేలియన్ 2006లో మొదలుపెట్టాడు, ఉచితం. అది దించుకుని, మానిటరు ఆపేసి, కళ్లు మూసుకుని నేర్చుకున్నాను. మే నెలలో మా కంపెనీలోనే యాక్సెసిబిలిటీ జట్టుకు మారాను.

జీతం ఒక్క రూపాయి పెరగలేదు. కానీ నిరుడు చివర్లో మళ్లీ స్టేట్‌మెంటు గీస్తే పసుపు నెలకు 11,000. అంటే ఏడాదికి లక్షన్నరకు దగ్గరగా మిగులు, దాని మీద పన్ను కూడా లేదు. కంపెనీ రాతపూర్వకంగా అనుమతి ఇచ్చాక బయట ఒక చిన్న సంస్థ వెబ్‌సైటు పరీక్షించాను. 60,000 ఇచ్చారు, 10 శాతం టీడీఎస్ పట్టుకుని.

వెళ్లాలనుకునేవాళ్లకు: పరీక్ష వద్దని ముందే చెప్పండి, పెద్దాయనతోనే కూర్చుంటానని పట్టుబట్టండి, జీఎస్టీ బిల్లు అక్కడికక్కడే తీసుకోండి, నాకు మూడుసార్లు అడిగితే గానీ రాలేదు. 60,000 రూపాయల ప్యాకేజీ గురించి వాట్సాప్‌లో సందేశాలు వస్తూనే ఉంటాయి, పట్టించుకోవద్దు. చదువు ఇప్పుడే అయినవాళ్లు ఆగండి, గీయడానికి స్టేట్‌మెంటు ఉండాలి కదా. ఇప్పుడు ఎల్లో లైన్ ఉంది, ఆర్వీ రోడ్డులో గ్రీన్ లైన్‌కు మారితే తర్వాతి స్టేషనే జయనగర్. ఐదుకు మూడున్నర నక్షత్రాలు.

పోయిన వారం ఊరకే వాళ్ల బుకింగ్ పేజీని ఎన్‌వీడీఏతో తెరిచాను. పదకొండు తప్పులు. తేదీ ఎంచుకునే చోట "బటన్, బటన్" అంటోంది. జాబితా రాసి పంపాను, ఉచితంగానే. మర్నాడే జవాబొచ్చింది: తర్వాతి ప్యాకేజీ మీద నాకు 10 శాతం తగ్గింపు.