50 దాటిన మహిళల విటమిన్ సీసా: ఎవరికి అవసరం, ఎవరికి అనవసరం

అమెరికాలో పిల్లలున్న తెలుగు ఇళ్లలో, భోజనాల బల్ల మీద ఊరగాయ సీసాల పక్కన, ‘విమెన్ 50 ప్లస్’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న మల్టీవిటమిన్ డబ్బా ఒకటి ఈ మధ్య తరచుగా కనిపిస్తోంది. సెలవులకు వచ్చే కొడుకో కూతురో బాదంపప్పు, చాక్లెట్లతో పాటు దాన్ని తెచ్చి అమ్మ చేతిలో పెట్టి, రోజుకొకటి మరచిపోకుండా వేసుకోమని చెప్పి వెళతారు. మా ఇంటికీ అలాగే వచ్చింది. నేనూ, 70 దాటిన మా అత్తగారూ దాన్ని వాడాం. ఇక్కడి మెడికల్ షాపుల్లో స్త్రీల కోసమని అమ్మే మరో సీసానూ, జన ఔషధి కేంద్రంలో దొరికే కాల్షియం, విటమిన్ డీ3 మాత్రల స్ట్రిప్పునూ దాని పక్కన పెట్టి చూసి రాస్తున్న సమీక్ష ఇది. సీసాల కంపెనీల పేర్లు రాయడం లేదు. ఈ కోవకు చెందిన సరుకంతా దాదాపు ఒకే తీరున ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. బాగా తిని తిరుగుతున్న చాలామంది పెద్దవయసు స్త్రీలకు ఆ పెద్ద డబ్బా అవసరం లేదు. కాల్షియం స్ట్రిప్పు కొందరికి అవసరం. బీ12 మాత్రం మన ఇళ్లలో ఎందరికో అవసరమై ఉండి కూడా, నడుము నొప్పికి కాల్షియం అడిగినట్టుగా ఎవరూ అడగని మాత్ర.

డబ్బా వెనక ఉన్న పట్టికను భూతద్దం పెట్టుకుని చదవాలి. అక్షరాలు అంత సన్నవి. పాతిక దాకా విటమిన్లు, ఖనిజాలు వరుసగా ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం మన అన్నం, పప్పు, కూర, పెరుగులలో ఎలాగూ ఉన్నవే. అసలు చూడవలసినది కాల్షియం గడి. రోజుకు ఒకటే వేసుకునే మాత్రలో కావలసినంత కాల్షియం పట్టదు. పట్టించాలంటే దాన్ని ఎవరూ మింగలేరు. కనుక ఎముకల కోసమని ఈ డబ్బా కొనేవారు కాల్షియం కోసం మళ్లీ వేరే మాత్ర కొనక తప్పదు. 50 దాటిన వారి కోసం చేసిన రకాలలో చాలావాటిలో ఇనుము ఉండదు. అది లోపం కాదు, తెలిసి చేసిన మంచి పని. ముట్లు ఆగిపోయాక శరీరం నుంచి నెలనెలా పోయే ఇనుము పోదు కనుక, రక్తహీనత ఉందని పరీక్షలో తేలితే తప్ప ఇనుము మాత్రలు వేసుకోవలసిన పని లేదు.

మాత్ర విషయానికి వస్తే, అది చింతగింజ కంటే పొడవైనది, పైన నున్నటి పూత ఉన్నా మింగడం కష్టం. మా అత్తగారికి రెండు గుక్కల నీళ్లతో దిగేది కాదు. గొంతులో అడ్డం పడినట్టుందని మజ్జిగతో మింగేవారు. సగానికి విరిస్తే లోపలి పొడి ఘాటు వాసన వేసి కడుపులో తిప్పేది. మూత్రం ముదురు పసుపు రంగులో రావడం చూసి ఆవిడ కంగారుపడ్డారు. అది రైబోఫ్లావిన్, అంటే బీ2, ఎక్కువై బయటికి పోవడమే. ప్రమాదమేమీ లేదు. అయితే డబ్బు పెట్టి కొన్నదానిలో కొంత శరీరానికి అక్కరలేక వెళ్లిపోతోందనడానికి అంతకంటే స్పష్టమైన గుర్తు లేదు. శాకాహారులు గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. మన దేశంలో అమ్మే ప్యాకెట్ల మీద ఉండే ఆకుపచ్చ చుక్క అమెరికా డబ్బాల మీద ఉండదు. మెత్తటి క్యాప్సూళ్లలో వాడే జెలటిన్ పశువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. డీ3 చాలావరకు గొర్రె ఉన్ని జిడ్డు నుంచి తయారవుతుంది. నియమంగా ఉండే పెద్దవాళ్లకు ఈ మాట ముందే చెప్పి, ఇష్టమైతేనే ఇవ్వడం మర్యాద.

వీటి వల్ల మేలు జరుగుతుందా అన్న ప్రశ్నకు జవాబు వెతికిన పరిశోధనలు పెద్దవే ఉన్నాయి. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 38,772 మంది పెద్దవయసు స్త్రీలను 1986 నుంచి గమనించి 2011లో ఫలితాలు ప్రకటించారు. మల్టీవిటమిన్లు వాడినవారు వాడనివారి కంటే ఎక్కువకాలం బతకలేదు. పైగా మరణాల నిష్పత్తి వారిలో కొద్దిగా ఎక్కువగా కనిపించింది. ఇనుము మాత్రల విషయంలో ఆ తేడా మరింత స్పష్టంగా ఉంది. కాల్షియం వాడినవారిలో మాత్రం తక్కువ మరణాలు కనిపించాయి. దీన్ని చదివి భయపడనవసరం లేదు. ఒంట్లో బాగాలేనివారే మాత్రలు ఎక్కువగా వేసుకుంటారు కనుక, మాత్రలే చంపాయని ఇలాంటి పరిశీలన రుజువు చేయలేదు. సగం మందికి నిజమైన మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూసే పరీక్షలు అంతకంటే గట్టివి. అలా 21,442 మంది మీద జరిపిన కాస్మోస్ అనే పరీక్షలో రోజూ మల్టీవిటమిన్ వేసుకోవడం వల్ల క్యాన్సర్ గానీ గుండెజబ్బులు గానీ చెప్పుకోదగినంతగా తగ్గలేదని 2022లో తేలింది. అందులోనే చిన్న బృందాలలో జ్ఞాపకశక్తికి కాస్త మేలు కనిపించింది. ఆ మాటను నేను తోసిపుచ్చను, అయితే అంతమాత్రానికి అందరూ కొనవలసిందేనని చెప్పలేను. అదే సంవత్సరం అమెరికా ప్రభుత్వ నివారణ వైద్య నిపుణుల సంఘం మల్టీవిటమిన్ల మేలు కీడులు తేల్చడానికి ఆధారాలు చాలవని చెబుతూ, క్యాన్సర్, గుండెజబ్బుల నివారణకు విటమిన్ ఈ, బీటా కెరోటిన్ మాత్రలు వాడవద్దని స్పష్టంగా సూచించింది.

కాల్షియం స్ట్రిప్పు కథ వేరు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి 2020లో సవరించిన లెక్కల ప్రకారం పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ముట్లు ఆగిన స్త్రీలకు 1200. గ్లాసు పాలలో సుమారు 240 మిల్లీగ్రాములు ఉంటుంది. 50 గ్రాముల రాగిపిండితో కాచిన జావలోనో, కలిపిన సంకటిలోనో 170 దాకా వస్తుంది. పెరుగు, నువ్వుల పొడి, మునగాకు, ముళ్లతో సహా తినే మెత్తళ్లు కలిస్తే రోజుకు 700 దాటడం కష్టం కాదు. మిగిలే లోటుకు ఒక మాత్ర చాలు. ఈ స్ట్రిప్పులో ఒక్కో మాత్రకు 500 మిల్లీగ్రాముల కాల్షియం, 250 యూనిట్ల డీ3 ఉంటాయి. కొన్ని కంపెనీల రేకుల మీద 1250 అని కనిపిస్తుంది. అది కాల్షియం కార్బొనేట్ బరువు, అందులో అసలు కాల్షియం 500 మాత్రమే. కార్బొనేట్ రకాన్ని తిండి తిన్న వెంటనే వేసుకుంటేనే ఒంటికి బాగా పడుతుంది, పరగడుపున కాదు. ధర విషయంలో జన ఔషధి స్ట్రిప్పుతో షాపుల్లోని పేరున్న మాత్రలు పోటీ పడలేవు.

అయినా లోటు లేనివారు దీన్ని కూడా ‘ఎందుకైనా మంచిది’ అని మింగకూడదు. 36,282 మంది స్త్రీలకు రోజూ 1000 మిల్లీగ్రాముల కాల్షియం, 400 యూనిట్ల విటమిన్ డీ ఇచ్చిన అమెరికా అధ్యయనం 2006లో వెలువడింది. తుంటి ఎముక గట్టిదనం కొద్దిగా పెరిగింది గానీ ఎముకలు విరగడం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. మూత్రపిండాలలో రాళ్లు మాత్రం 17 శాతం పెరిగాయి. రాళ్ల బాధ ఒకసారి పడినవారు డాక్టరును అడగకుండా ఈ స్ట్రిప్పు జోలికి వెళ్లవద్దు. బోలు ఎముకల జబ్బు ఉందని తేలి మందులు వాడుతున్నవారి సంగతి వేరు. వారికి కాల్షియం, డీ చికిత్సలో భాగం.

విటమిన్ డీ దగ్గర నాకు అసలు ఆందోళన ఉంది. మా ఊళ్లో ఒక మెడికల్ షాపులో మోకాళ్ల నొప్పులన్న పాపానికి మా అత్తగారికి 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు ఇచ్చి, వారానికొకటి పాలలో కలుపుకుని తాగమన్నారు. ఎన్ని వారాలో చెప్పలేదు. చీటీ అడగలేదు. నెలల తరబడి అలా తాగుతూ పోయేవారు మా వీధిలోనే ఉన్నారు. ఆ మోతాదు పరీక్షలో లోపం తేలినవారికి, సాధారణంగా కొన్ని వారాల పాటు, డాక్టరు రాసి ఇచ్చేది. కొవ్వులో కరిగే విటమిన్ కనుక ఎక్కువైతే ఒంట్లో పేరుకుంటుంది. రక్తంలో కాల్షియం పెరిగి వికారం, మలబద్ధకం, అతిదాహం, చివరికి మూత్రపిండాలకు దెబ్బ. ఆస్ట్రేలియాలో 70 ఏళ్లు దాటిన 2,256 మంది స్త్రీల మీద జరిపిన పరీక్షలో కొందరికి సంవత్సరానికి ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే, ఎముకలు గట్టిపడడం మాట అటుంచి, వారే ఎక్కువగా పడిపోయారు, వారికే ఎక్కువగా ఎముకలు విరిగాయి. 2010లో ఈ ఫలితం వచ్చింది. రోజుకు 2,000 యూనిట్ల చొప్పున 25,871 మందితో చేసిన వైటల్ పరీక్షలో కూడా ఎముకలు విరగడం తగ్గలేదు. అయితే వారిలో ఎక్కువమందికి అసలు లోపమే లేదు. ఎండ విరివిగా ఉన్న మన దేశంలో, ఇంటిపట్టున ఉండే స్త్రీలలో విటమిన్ డీ లోపం చాలా మామూలు కనుక, ఆ ఫలితాన్ని మనకు యథాతథంగా అంటగట్టకూడదు. 2024లో అంతర్జాతీయ హార్మోన్ల వైద్యుల సంఘం ఇచ్చిన సూచనల ప్రకారం 75 దాటినవారు పరీక్ష లేకుండానే రోజువారీ చిన్న మోతాదు తీసుకోవచ్చు. రోజువారీ చిన్న మోతాదు అన్న మాటే ఇక్కడ ముఖ్యం.

ఇక బీ12. మొక్కల నుంచి వచ్చే తిండిలో ఇది ఉండదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం, ఇవే దారి. పలుచని మజ్జిగతో సరిపెట్టుకునే శాకాహార స్త్రీకి అది ఎంత అందుతుందో ఆలోచించండి. వయసు మీద పడ్డాక కడుపులో ఆమ్లం తగ్గి, తిన్నదానిలోంచి బీ12ను విడదీసుకునే శక్తి కూడా తగ్గుతుంది. మాత్రలో ఉన్న బీ12 మాత్రం ఆ ఆమ్లం అవసరం లేకుండానే ఒంటబడుతుంది. 50 దాటినవారు దీన్ని మాత్రల ద్వారానో, కలిపిన ఆహారం ద్వారానో తీసుకోవాలని అమెరికా వైద్య నిపుణులు చెప్పడానికి కారణం ఇదే. దీనికి తోడు చక్కెర జబ్బుకు ఏళ్ల తరబడి వాడే మెట్‌ఫార్మిన్, గ్యాస్ కోసం రోజూ పొద్దున్నే వేసుకునే పాంటోప్రజోల్ వంటి మాత్రలు బీ12ను ఇంకా తగ్గిస్తాయి. మన ఇళ్లలో ఈ రెండూ వాడని 60 ఏళ్ల ఆవిడ ఎంతమంది? అరికాళ్ల మంటలు, చేతులకు తిమ్మిర్లు, నడకలో తూలు, మతిమరుపు అన్నిటినీ ‘వయసు’ అని కొట్టిపారేస్తున్నాం. మా అత్తగారి అరికాళ్ల మంటలకు రక్తపరీక్ష చేయించాక తెలిసింది బీ12 బాగా తక్కువని. డబ్బాలోని మాత్రతో ఆ లోటు తీరదని డాక్టరు ఇంజెక్షన్లు మొదలుపెట్టి, తర్వాత విడిగా మాత్రకు మార్చారు. మంటలు నెమ్మదిగా తగ్గాయి. ఈ లోపాన్ని చాలాకాలం వదిలేస్తే నరాలకు జరిగే నష్టం పూర్తిగా పూడదు. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపించి, నరాల నష్టం లోలోపల సాగుతూనే ఉంటుంది. అందుకే సంవత్సరానికొకసారి చేయించుకునే రక్తపరీక్షలలో బీ12 కూడా చేర్చమని అడగండి.

మన షాపుల్లో దొరికే స్త్రీల సీసా గురించి రెండు ముక్కలు చాలు. దాని మీద ‘హెల్త్ సప్లిమెంట్’ అనీ, ‘నాట్ ఫర్ మెడిసినల్ యూజ్’ అనీ ఉంటుంది. అంటే అది ఆహార భద్రతా సంస్థ నియమాల కింద అమ్మే సరుకు, జబ్బు నయం చేసే మందు కాదు. విటమిన్లతో పాటు అశ్వగంధ, జిన్సెంగ్ వంటివి కలిపి ధర పెంచుతారు. నీరసం తగ్గుతుందన్న ఆశతో కొన్నాను, నాకు ఏ తేడా కనిపించలేదు. జుట్టు, గోళ్ల కోసమని పెద్ద మోతాదులో బయోటిన్ అనే బీ విటమిన్ ఉన్న రకాలతో మరింత జాగ్రత్త అవసరం. అది థైరాయిడ్ పరీక్షనూ, గుండెపోటును పట్టే ట్రొపోనిన్ పరీక్షనూ తప్పుదారి పట్టించగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. పరీక్షకు వెళ్లేముందు ఇలాంటివి వాడుతున్నట్టు ల్యాబులోనూ డాక్టరుకూ చెప్పాలి.

థైరాయిడ్ మాత్ర వాడే స్త్రీలు మన దగ్గర చాలామంది. పొద్దున్నే పరగడుపున ఆ మాత్ర, టిఫిన్ తర్వాత కాల్షియమో మల్టీవిటమినో వేసుకుంటే థైరాయిడ్ మందు సరిగా ఒంటబట్టదు. కనీసం 4 గంటల ఎడం ఉండాలి. మధ్యాహ్నం భోజనం తర్వాతకు మార్చుకుంటే ఇబ్బంది తీరుతుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మందు వాడేవారు విటమిన్ కే ఉన్న మల్టీవిటమిన్‌ను డాక్టరుకు చూపించకుండా మొదలుపెట్టకూడదు, మొదలుపెట్టినదాన్ని చెప్పకుండా మానకూడదు.

పెద్ద డబ్బా ఎవరికీ పనికిరాదని నేను అనను. జబ్బుపడి లేచి, నోరు చేదుగా ఉండి తిండి సహించనివారికీ, పళ్లు ఊడి మెత్తటి అన్నం, చారుతోనే వారాలు గడిపేవారికీ, కారణం తెలియకుండా బరువు తగ్గుతూ పరీక్షలు చేయించుకుంటున్నవారికీ డాక్టరు సలహాతో కొన్నాళ్లు ఇది ఉపయోగమే. అలా కొనేటప్పుడు 200 మాత్రల డబ్బా కాక చిన్నది కొనండి. మా కోస్తా ఉక్కపోతలో మూత తీసిన డబ్బాలో మాత్రలు చెమర్చి, పూత మీద మచ్చలు పడ్డాయి. ఇంకా సగం మిగిలి ఉండగానే గడువు తేదీ దాటింది. మచ్చ పడినవాటినీ గడువు దాటినవాటినీ ఖరీదు గుర్తొచ్చినా సరే పారేయండి.