చైనా చూడాలంటే రాత్రి రైలే: హార్డ్ స్లీపర్ మీద నా సమీక్ష

చైనాకు చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లల్ని ఎవరిని కదిపినా ముందు బుల్లెట్ ట్రైన్ గురించే చెబుతారు. నేనూ ఎక్కాను. వేగంలో, శుభ్రంలో దానికి తిరుగులేదు. కానీ వుహాన్‌లో ఎంబీబీఎస్ చదివిన ఇన్నేళ్లలో నేను చూసిన చైనాలో ఎక్కువ భాగం చూపించింది మామూలు రాత్రి రైళ్లే, వాటిలో హార్డ్ స్లీపర్. చేతిలో తక్కువ డబ్బుతో ఆ దేశం చూడాలనుకునే స్టూడెంట్‌కు దీన్ని మించిన దారి లేదని నా గట్టి నమ్మకం. ఎందుకో చెబుతాను, పనికిరాని చోట్లు కూడా చెబుతాను.

రైలు నంబరు ముందు జీ, డీ, సీ ఉంటే వేగంగా వెళ్లేవి. జెడ్, టీ, కే ఉంటే మామూలువి. ఈ మామూలు రైళ్లలో కూర్చుని వెళ్లే హార్డ్ సీట్, పడుకుని వెళ్లే హార్డ్ స్లీపర్, సాఫ్ట్ స్లీపర్ ఉంటాయి. హార్డ్ స్లీపర్ మన థర్డ్ ఏసీకి దగ్గరగా ఉంటుంది. అటు మూడు, ఇటు మూడు, మొత్తం ఆరు బెర్తులు, తలుపు లేదు. పరుపు, తెల్ల దుప్పటి, దిండు, రగ్గు అన్నీ టికెట్‌లోనే. మన దగ్గరలా సైడ్ బెర్తులు ఉండవు. వాటి స్థానంలో కిటికీ పక్కన మడత సీట్లు, చిన్న బల్లలు ఉంటాయి. మిడిల్ బెర్త్ ఎప్పుడూ అలాగే ఉంటుంది, దించేది లేదు, ఎత్తేది లేదు. అందుకే పగలైనా ఎవరికి నిద్రొస్తే వాళ్లు పడుకోవచ్చు.

డబ్బు లెక్క చూడండి. వుహాన్ నుంచి బీజింగ్‌కు హైస్పీడ్ సెకండ్ క్లాస్‌కు అయ్యే దాంట్లో దాదాపు సగానికే హార్డ్ స్లీపర్ వస్తుంది. దానికి తోడు ఒక రాత్రి గది అద్దె మిగులుతుంది. రాత్రి భోజనం చేసి ఎక్కితే పొద్దున్నే బీజింగ్ వెస్ట్‌లో దిగి మెట్రో పట్టుకోవచ్చు. గది సంగతి ఇంకొకటి ఉంది. చైనాలో విదేశీయులు ఎక్కడ బస చేసినా 24 గంటల్లో పోలీసు రిజిస్ట్రేషన్ జరగాలి. హోటల్ వాళ్లే చేస్తారు, కానీ చిన్న లాడ్జీల్లో కొందరు ఆ పని తెలియక పాస్‌పోర్ట్ చూడగానే వద్దనేస్తారు. ఒక ఊళ్లో అర్ధరాత్రి బ్యాగు వేసుకుని గది కోసం తిరిగిన టెన్షన్ నాకు తెలుసు. రైల్లో పడుకునే రాత్రికి ఆ బెంగ ఉండదు.

నాకు అన్నిటికన్నా నచ్చేది దిగే చోటు. హైస్పీడ్ స్టేషన్లు చాలావరకు ఊరికి దూరంగా, కొత్తగా కట్టినవి. పాత రైళ్లు ఊరి మధ్యలోకి తీసుకెళ్తాయి. షియాన్ దీనికి మంచి ఉదాహరణ. హైస్పీడ్‌లో వెళ్తే షియాన్ నార్త్‌లో దిగి మెట్రోలో చాలాసేపు రావాలి. వుహాన్‌లోని వుచాంగ్ స్టేషన్‌లో రాత్రి రైలు ఎక్కితే పాత షియాన్ స్టేషన్‌లో దిగుతాం. బయటికి రాగానే ఎదురుగా మింగ్ రాజుల కాలం నాటి కోటగోడ. దాని చుట్టుకొలత 13.7 కిలోమీటర్లు, పైన సైకిళ్లు అద్దెకిస్తారు. ఎండ ముదరకముందే ఎక్కితే ఒక చుట్టు హాయిగా పూర్తవుతుంది. ఒక పక్క పాత ఊరి బూడిదరంగు కప్పులు, ఇంకో పక్క అపార్ట్‌మెంట్లు, కింద గోడ వెంట పార్కుల్లో వ్యాయామం చేసే పెద్దవాళ్లు. చైనా తొలి చక్రవర్తి సమాధి దగ్గర పాతిపెట్టిన మట్టి సైనికుల బొమ్మల కోసం షియాన్ వెళ్లేవాళ్లే ఎక్కువ. 1974లో బావి తవ్వుతున్న రైతులకు దొరికిన ఆ సైన్యం తప్పక చూడాల్సిందే. అయినా నా ఓటు ముందు గోడకే.

షియాన్‌లో మన తెలుగువాళ్లు వదలకూడని చోటు ఇంకొకటి, దక్షిణాన ఉన్న బిగ్ వైల్డ్ గూస్ పగోడా. స్కూల్ పుస్తకాల్లో చదువుకున్న హుయాన్‌త్సాంగ్ మన దేశం నుంచి 645లో ఈ ఊరికి తిరిగి చేరాడు. ఆయన తీసుకెళ్లిన గ్రంథాలు దాచడానికి 652లో కట్టిన గోపురం ఇది. ఆయన ధాన్యకటకం, అంటే మన అమరావతి ప్రాంతం, స్వయంగా చూసినవాడు. అంతకన్నా ముందే, 5వ శతాబ్దం మొదట్లో, ఇదే ఊళ్లో కుమారజీవుడు అనే బౌద్ధ పండితుడు ఆచార్య నాగార్జునుడి గ్రంథాలను చైనా భాషలోకి తెచ్చాడు. అప్పట్లో ఈ ఊరి పేరు చాంగాన్. గుంటూరు నుంచి వెళ్లిన నాకు ఆ గుడి ఆవరణలో నిలబడితే ఒళ్లు పులకరించింది. అక్కడి నుంచే నాన్నమ్మకు వీడియో కాల్ చేసి చూపించాను. "మన అమరావతి చూసినాయనేనా?" అని ఆవిడ పదిసార్లు అడిగి ఉంటుంది.

ఇక రైల్లో గడిచే సమయం. ప్రతి బోగీ చివరా మరిగే నీళ్ల కుళాయి ఉంటుంది, రాత్రీ పగలూ ఎప్పుడైనా పట్టుకోవచ్చు. అందరి చేతుల్లో టీ ఫ్లాస్కులు, కప్ నూడుల్స్. నేను ఇంటి నుంచి వచ్చిన కందిపొడి, ఒక చిన్న సీసాలో ఆవకాయ పెట్టుకునేవాణ్ని, అన్నం మాత్రం స్టేషన్ బయట కొనేవాణ్ని. ఒకసారి ఎదురు బెర్త్ అవ్వ తన సంచిలోంచి కమలాలు తీసి ఒక్కొక్కటీ వలిచి నా చేతిలో పెట్టింది. మొహమాటపడి వద్దంటే ఊరుకోలేదు. బదులుగా నేనిచ్చిన కందిపొడిని అన్నంలో కలుపుకోకుండా వేలితో అద్దుకుని రుచి చూసి, మనవడికి కూడా పెట్టింది. నా చైనీస్ బాగుపడింది క్లాసులో కంటే ఆ మడత సీట్ల మీదే ఎక్కువ. రాత్రి 10 గంటల ప్రాంతంలో లైట్లు ఆపేస్తారు. దిగాల్సిన స్టేషన్ తెల్లవారుజామున వస్తుంటే అటెండెంట్ వచ్చి లేపుతుంది.

ఇబ్బందులు లేవనను. మామూలు రైళ్లలో బోగీల మధ్య తలుపుల దగ్గర సిగరెట్లు తాగుతారు, బోగీ చివరి బెర్తులకు ఆ వాసన వస్తుంది. వీలైతే మధ్యలోవి చూసుకోండి. ఇయర్‌ఫోన్స్ లేకుండా ఫోన్లో వీడియోలు చూసేవాళ్లు ఉంటారు, గురకలు సరేసరి. చెవుల్లో పెట్టుకోవడానికి దూది గానీ ఇయర్‌ప్లగ్స్ గానీ ఉండాలి. అప్పర్ బెర్త్ చౌకే కానీ కూర్చోవడానికి కుదరదు. లోయర్‌కు కాస్త ఎక్కువైనా ఎక్కడం దిగడం సులువు, అయితే పగలంతా అందరూ దాని మీదే కూర్చుంటారు. నాకు మాత్రం మిడిల్ బెర్తే సరిపోయింది.

టికెట్లు చైనా రైల్వే వాళ్ల 12306 యాప్‌లో, 15 రోజుల ముందు నుంచి. పేరు పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు, అక్షరం పొల్లుపోకుండా ఇవ్వాలి. మన ఇంటిపేర్లు, అసలు పేర్లు కలిస్తే చాంతాడంత అవుతాయి కాబట్టి వెరిఫికేషన్ ముందే చేయించుకోండి. పాస్‌పోర్టే టికెట్. ఆటోమేటిక్ గేటు చదవకపోతే పక్కనే మనుషులుండే గేటు ఉంటుంది. 8 రోజులు, అంతకన్నా ముందు రద్దు చేసుకుంటే పూర్తి డబ్బు వాపసు వస్తుంది. అందుకే పరీక్షల తేదీలు తేలకపోయినా నేను బుక్ చేసేసేవాణ్ని. రెసిడెన్స్ పర్మిట్ రెన్యువల్ కోసం పాస్‌పోర్ట్ ఇచ్చిన రోజుల్లో మాత్రం ప్రయాణం పెట్టుకోకండి. ఇంకో మాట, వుహాన్‌లో వుచాంగ్, హాంకౌ, వుహాన్ అని పెద్ద స్టేషన్లు మూడున్నాయి. టికెట్ మీద ఏది ఉందో చూసుకుని బయల్దేరాలి.

అక్టోబర్ 1 నుంచి వచ్చే సెలవుల వారం ఎక్కడికీ కదలకపోవడమే మేలు. చైనా కొత్త సంవత్సరం సంగతి అంత తేలిక కాదు, మన చలికాలం సెలవులూ అప్పుడే వస్తాయి. దేశం మొత్తం సొంతూళ్లకు బయల్దేరుతుంది, బుకింగ్ తెరిచిన కాసేపటికే స్లీపర్లు అయిపోతాయి. పరీక్షలు అయిన మర్నాడే బయల్దేరి, పండగకు ముందే తిరిగి రావడం నేను పాటించిన పద్ధతి. చలికాలంలో ఇంకో లాభం ఉంది. బీజింగ్‌లో పాత చక్రవర్తుల కోట ఫర్బిడెన్ సిటీ టికెట్ 60 యువాన్ల నుంచి 40కి తగ్గుతుంది. సోమవారం సెలవు, 7 రోజుల ముందు నుంచి పాస్‌పోర్ట్ నంబరుతో బుక్ చేసుకోవాలి. చాలా చోట్ల స్టూడెంట్ కార్డు చూపిస్తే సగం టికెట్టే.

హైస్పీడే మేలైన చోట్లూ ఉన్నాయి. షాంఘై, సుజౌ, హాంగ్‌జౌ దగ్గర దగ్గర ఊళ్లు, అక్కడ రాత్రి రైలుకు అర్థం లేదు. లుయాంగ్‌లో హైస్పీడ్ స్టేషన్ లాంగ్‌మెన్ గుహల వైపే ఉంది. 17 మీటర్ల వైరోచన బుద్ధుణ్ని చూడ్డానికి షియాన్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు.

అమ్మానాన్నలు వస్తే మాత్రం హార్డ్ స్లీపర్ వద్దు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, నిచ్చెన మెట్లు ఎక్కడం తన వల్ల కాదు. నలుగురికి ఒక గది, తలుపు ఉండే సాఫ్ట్ స్లీపర్‌లో రెండు లోయర్లు ముందే పట్టుకున్నాను. టికెట్ ఎక్కువే, కానీ అమ్మ షియాన్ వరకూ కదలకుండా నిద్రపోయింది.