గ్యాస్ బండా? పైపు గ్యాసా? ఏది మేలు?

మా అపార్ట్‌మెంట్‌లో పైపు గ్యాస్ కనెక్షన్లు ఇస్తున్నారని నోటీసు అంటించినప్పటి నుంచి లిఫ్ట్ దగ్గర ఒకటే చర్చ. "పైపుదైతే మంట నీరసంగా ఉంటుందట, దోసె సరిగ్గా కాలదట" అని మూడో అంతస్తు పిన్నిగారు. "బండ సరిగ్గా పండగ పూటే అయిపోతుందండీ" అని ఎదురింటాయన. ఎవరి మాటలో ఎంతుందో తేలాలంటే కార్బన్లు లెక్కపెట్టాలి.

పైపులో వచ్చేది దాదాపుగా మీథేన్. ఒక్కటే కార్బన్. బండలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్‌ల కలగలుపు, అంటే మూడు, నాలుగు కార్బన్లు. అన్నీ ఆల్కేన్ల కుటుంబమే, అంటే కార్బన్లు ఒంటి బంధాలతో కలిసి చుట్టూ హైడ్రోజన్లున్నవి. కార్బన్లు పెరిగేకొద్దీ అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి, మరిగే ఉష్ణోగ్రతా పెరుగుతుంది. మీథేన్ మైనస్ 161 డిగ్రీలకే మరిగిపోతుంది. ప్రొపేన్‌కి మైనస్ 42, బ్యూటేన్‌కి ఇంచుమించు సున్నా.

రిఫైనరీ నడిచేదీ ఈ తేడా మీదే. విశాఖలోనైనా మరోచోటైనా ముడిచమురును సుమారు 350 డిగ్రీలకు కాచి పొడవాటి స్తంభంలోకి వదులుతారు. బరువైనవి అడుగున మిగులుతాయి, డీజిలు, కిరోసిన్, పెట్రోలుకు ముడిసరుకైన నాఫ్తా మధ్యలో ఒక్కో ఎత్తులో చేతికొస్తాయి, నాలుగు కార్బన్లలోపువి పై కొసకు చేరతాయి. బరువైన నూనెల్ని విరగ్గొట్టినప్పుడు కూడా ఎల్‌పీజీ పుడుతుంది. అందులో ప్రొపిలీన్, బ్యూటిలీన్ లాంటి ఆల్కీన్లూ (కార్బన్ల మధ్య జంట బంధం ఉన్నవి) ఉంటాయి కాబట్టి మన బండ అచ్చమైన ఆల్కేన్ ఏమీ కాదు. తమాషా ఏమిటంటే రిఫైనరీలో మీథేన్ కూడా వస్తుంది, కానీ దాన్ని ఎక్కువగా సొంత కొలిమిల్లోనే కాల్చేసుకుంటారు. మన వంటింటి పైపులోది కృష్ణా-గోదావరి బేసిన్ లాంటి చోట్ల బావుల్లోంచో, విదేశాల నుంచి ఓడల్లోనో వస్తుంది.

బండ గొప్పదనమల్లా ప్రొపేన్, బ్యూటేన్ కాస్త నొక్కితే ద్రవమైపోవడం. ద్రవం వాయువైతే దాదాపు 250 రెట్లు పెరుగుతుంది. అందుకే 14.2 కిలోలు ఒక బండలో ఒదిగి ఏ పల్లెకైనా ఆటో ఎక్కి వెళ్తుంది. విశాఖలోనైతే నేల లోతున రాతిని తొలిచి 60 వేల టన్నులు దాచారు. చుట్టూ రాతిలో ఊరే నీటి ఒత్తిడే దానికి మూత! మీథేన్ అలా లొంగదు. మైనస్ 82 డిగ్రీల పైన దాన్ని ఎంత నొక్కినా ద్రవం కాదు. కార్లలో 200 బార్ల ఒత్తిడితో కుక్కినా వాయువే. వంటింటికి చేరాలంటే పైపు తప్ప దారి లేదు. పైపు లేని ఊళ్లో ఈ పోలిక ఇక్కడితోనే సరి.

ఇక మంట. లీటరు ప్రొపేన్ వాయువు ఇచ్చే వేడి లీటరు మీథేన్ వాయువు ఇచ్చేదానికి రెండున్నర రెట్లు, బ్యూటేన్‌ది ఇంకా ఎక్కువ. అదే పొయ్యికి పైపు తగిలిస్తే మంట నీరసంగానే ఉంటుంది, పిన్నిగారి అనుమానం అక్కడిదే. బర్నర్ కింద ఉండే చిన్న ఇత్తడి జెట్‌ను పెద్ద చిల్లున్నదానితో మారిస్తే దోసె మామూలుగానే కాలుతుంది. ఇల్లు మారి అదే పొయ్యిని మళ్లీ బండకు తగిలించేవాళ్లు మాత్రం జాగ్రత్త. జెట్ మార్చకపోతే పసుపుపచ్చ మంట ఎగిసి గిన్నెల అడుగున మసి పట్టేస్తుంది.

అసలు తూకం లీకు దగ్గర. గాలి అణుభారం 29 అనుకుంటే మీథేన్‌ది 16, ప్రొపేన్‌ది 44, బ్యూటేన్‌ది 58. మీథేన్ పైకి లేచి కిటికీలోంచి పోతుంది. ఎల్‌పీజీ నేలమీద నీళ్లలా పరుచుకుని, ఫ్రిజ్ కిందికీ మంచం కిందికీ పాకుతుంది. అంటుకోవడానికి గాలిలో మీథేన్ 5 శాతం ఉండాలి, ఎల్‌పీజీకి 2 శాతం చాలు. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న వంటగదిలో ఆ 2 శాతం అంటే కిలో చిల్లర ద్రవం. నేల దగ్గరే పోగవుతుంది కాబట్టి ముప్పుకి అంత కూడా అక్కర్లేదు.

అలాగని పైపు మీద గుడ్డి నమ్మకమూ వద్దు. 2014 జూన్ 27 తెల్లవారుజామున అప్పటి తూర్పుగోదావరి జిల్లాలోని నగరం అనే ఊళ్లో గ్యాస్ పైప్‌లైన్ లీకై, అంటుకుని 20 మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో నీరూ బరువైన హైడ్రోకార్బన్లూ కలిసిన తడి గ్యాస్ పంపడంతో లోపల తుప్పు పట్టింది. అది వంటింటి పైపు కన్నా ఎన్నో రెట్లు ఒత్తిడి ఉన్న లైను. కానీ తేలిక కాబట్టి మీథేన్ ఎగిరిపోతుందన్న ధీమా అక్కడ పనికిరాలేదు.

ధర ఎప్పటికప్పుడు మారుతుంది కాబట్టి అంకెలు చెప్పను. ఒక బండ వేడికి సుమారు 18 క్యూబిక్ మీటర్ల పైపు గ్యాస్ సమానం. మీ ఊళ్లో క్యూబిక్ మీటర్ ధరను 18తో గుణించి బండ ధర పక్కన పెట్టి చూసుకోండి. పర్యావరణం మాటకొస్తే అంతే వేడికి మీథేన్ నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ 15 శాతం దాకా తక్కువే, కానీ కాలకుండా లీకైతే మాత్రం అది నూరేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కన్నా 28 రెట్ల దాకా వేడెక్కిస్తుంది.

సొంత ఫ్లాటు, వంటింట్లో పైకి గాలి పోయే దారి, గుమ్మం దాకా పైపు ఉంటే నా ఓటు పైపుకే. రెండేళ్లకోసారి ఇల్లు మారే అద్దెవాళ్లకు బండే నయం. నేను పైపుకి దరఖాస్తు పెట్టాను. అమ్మ ఉండే ఊళ్లో ఇంకా బండే. మొన్న వెళ్లినప్పుడు దాన్ని తడిగుడ్డతో తుడిచి చూశాను. పైన చప్పున ఆరిపోయింది, ద్రవం ఉన్న మేర చల్లగా తడి నిలిచింది. సగానికి కాస్త పైనే ఉంది.