12 లెక్కల కంటే 16 లెక్కలే తేలికట! ఏడాదిన్నర వాడాక నా మాట

ఏడాదిన్నర కిందటి వరకూ బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంట్లో సాయంత్రాలన్నీ ఒకేలా ఉండేవి. అప్పుడు మావాడు ఐదో తరగతి. వర్క్‌షీట్ ముందు కూర్చుంటాడు, పెన్సిల్ చెక్కుతాడు, మంచినీళ్లు తాగొస్తాడు, మళ్లీ చెక్కుతాడు. నెలనెలా డబ్బు కట్టి తెప్పించిన షీట్లవి. పేజీకి 12 లెక్కలు, అన్నీ 4736 × 58 లాంటివే. ఒక్కటీ మొదలుపెట్టకుండానే "ఇన్ని ఉన్నాయేంటమ్మా!" అని ఏడుపు మొహం.

అవి మాన్పించి నేనే రాయడం మొదలుపెట్టాను. పెద్ద లెక్కలు 12 అలాగే ఉంచి, ప్రతి మూడింటి తర్వాత 7 × 6 లాంటి చిట్టి లెక్క ఒకటి చేర్చాను. మొత్తం 16. ఐడియా నాది కాదు. అమెరికాలో క్రిస్టఫర్ స్కిన్నర్ అనే సైకాలజిస్టు, ఆయన సహచరులు 1990లలో దీన్ని విద్యార్థులతో చేయించి చూశారు. లెక్కలు ఎక్కువున్నా సరే, చిట్టివి కలిపిన షీటే తక్కువ కష్టం అనిపించిందని ఎక్కువమంది చెప్పారు. ఒక్కో లెక్క పూర్తవడమే పిల్లలకు చిన్న బహుమానం లాంటిదని ఆయన వాదన.

మొదటిరోజు రెండు షీట్లూ పక్కపక్కన పెడితే మావాడు 16 ఉన్నదే లాక్కున్నాడు. "అందులో ఎక్కువున్నాయి కదరా!" అంటే, "ఇదే ఈజీ అమ్మా" అన్నాడు. మూడో లెక్కలో రెండో వరుసకి సున్నా పెట్టడం మర్చిపోయి, చెరిపి చెరిపి కాగితం చింపాడు. మునుపైతే అక్కడితో లేచిపోయేవాడే. ఈసారి 7 × 6 కనిపించగానే "42!" అని అరిచి, అదే ఊపులో తర్వాతదానికి దిగాడు. గడియారం చూశాను, టైమ్ ఏమీ తగ్గలేదు. వాడికి మాత్రం తొందరగా అయిపోయినట్టుంది.

లోపాలు లేవా? రెండో నెలకే చిట్టివన్నీ ముందు ఏరుకుని చేసెయ్యడం నేర్చాడు. అప్పటినుంచి కాగితం మడిచి ఇస్తున్నాను. నేనూ ఒక తప్పు చేశాను. వాడు నవ్వుతున్నాడు కదా అని పెద్దవి తగ్గించి చిట్టివి పెంచాను, పెద్ద గుణకారాల్లో వేగం పడిపోయింది. చిట్టివి అదనంగా కలపాలి, పెద్దవాటి బదులు పెట్టకూడదు. మాటల్లో ఇచ్చే లెక్కలకి ఇది అసలు పనికిరాలేదు. అక్కడ గొడవ ఓపికది కాదు, ప్రశ్న అర్థం కాకపోవడం.

ఖర్చంటారా, కింద జిరాక్స్ షాపులో పేజీకి 2 రూపాయలు. పక్కింటి కన్నడావిడ కూడా ఒక కాపీ పట్టుకెళ్లింది. ఏడో తరగతి చదివే వాళ్లమ్మాయి 7 × 6 చూసి, "నేనేమైనా చిన్నపిల్లనా?" అని పక్కన పడేసిందట.