తివాచీ మరకలకు ఇంటి మందులు: తొమ్మిదేళ్లు వాడాక నా అనుభవం

మా ఇంట్లో కింద పరిచేవి మూడున్నాయి. హాల్లో మిషన్ మీద నేసిన లేత గోధుమరంగు పాలిప్రొపిలీన్ కార్పెట్. పూజగది ముందు వరంగల్ కొత్తవాడలో కొన్న ఎర్ర అంచు నూలు జంపఖానా. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ జంపఖానాలు ఇవే. పడకగదిలో ఏలూరు ఉన్ని తివాచీ. మా తాతయ్య కొన్నది, నా పెళ్లయ్యాక హన్మకొండ వచ్చింది. పర్షియా నుంచి వచ్చి స్థిరపడిన నేతగాళ్ల చేతిపని అని మా ఊళ్లో చెప్పుకుంటారు. చేత్తో ఒక్కో ముడీ వేసి నేసిన ఆ తివాచీ చెడిపోతే మళ్లీ దొరకదు. ఈ తొమ్మిదేళ్లలో మరకల గురించి నేను నేర్చుకున్నదంతా దాన్ని కాపాడుకోవాలనే.

వెనిగర్, వంటసోడా, నిమ్మకాయ, గిన్నెల సబ్బు, కుంకుడుకాయ, హైడ్రోజన్ పెరాక్సైడ్, టాల్కం పౌడర్... ఇవన్నీ వాడాను. కొన్ని బాగా పనిచేశాయి, కొన్ని ఉన్న మరకను పెద్దది చేశాయి. "కార్పెట్ మీద ఇది వేయండి" అని చెప్పేవాళ్లు ఏ దారంతో చేసిన కార్పెట్ మీదో చెప్పరు. నాకు జరిగిన నష్టాలన్నీ అక్కడినుంచి వచ్చినవే. ఉన్ని జంతువు వెంట్రుక, నూలు చెట్టునుంచి వచ్చింది, పాలిప్రొపిలీన్ ప్లాస్టిక్. మూడింటికీ ఒకే మందు సరిపోదు. మీ దగ్గరున్నది ఏదో తెలియకపోతే కుచ్చులోంచి చిన్న పోగు లాగి, సింకులో పట్టకారుతో పట్టుకుని అంటించి చూడండి. వెంట్రుక కాలిన వాసన వస్తే ఉన్ని, కాగితం కాలినట్టుంటే నూలు, కరిగి గట్టి పూసలా అయితే ప్లాస్టిక్.

ఏ మందు కన్నా ముందు చెప్పాల్సింది అద్దడం గురించి. ఏదైనా ఒలకగానే గుడ్డ పట్టుకుని రుద్దేస్తాం. రుద్దితే మరక పక్కలకు పాకుతుంది, పోగులు లేచి ఆ చోటు చివరిదాకా వేరుగా కనిపిస్తుంది. మా హాలు కార్పెట్ మీద అరచేతంత చోటు అలా గరుకైపోయి, మరక పోయినా గుర్తు మిగిలింది. ఇప్పుడు పాత నూలు పంచెలు చింపి, మడతలు పెట్టి అలమారలో ఉంచుకున్నాను. తెల్లవే కావాలి, రంగు గుడ్డైతే దాని రంగు అంటుకుంటుంది. మరక అంచు నుంచి లోపలికి అద్దుతూ రావాలి, గుడ్డ మడత మారుస్తూ ఉండాలి.

పోయిందనుకున్న మరక మర్నాటికి మళ్లీ తేలడం చాలామంది చూసే ఉంటారు. అడుగున మిగిలిన తడి ఆరుతూ పైకొస్తుంది, దానితో పాటే రంగూ వస్తుంది. దీనికి నాకు దొరికిన ఉపాయం ఒక్కటే. అద్దడం అయ్యాక నాలుగు మడతల పొడిగుడ్డ ఆ చోట పరిచి, దాని మీద నీళ్లతో నింపిన స్టీలు బిందె పెడతాను. తెల్లారేసరికి తడీ రంగూ గుడ్డలోకి ఎక్కుతాయి. మొదటిసారి ఆ గుడ్డ తిప్పి చూస్తే, కార్పెట్ మీద కంటికి కనిపించని టీ మరక అంతా గుండ్రంగా గుడ్డకు దిగి ఉంది.

ఇక పసుపు సంగతి. ఒక సంక్రాంతికి పులిహోర గిన్నె జంపఖానా మీద బోర్లాపడింది. మెతుకులు ఏరేశాక అరడుగు వెడల్పున పచ్చని మరక. సబ్బునీళ్లు వేశాను. చూస్తుండగానే పసుపు కాస్తా ఇటుకరాయి రంగుకు, ఆపై ఎరుపుకు తిరిగింది. అంచు రంగు కరిగి కారుతోందనుకుని భయపడ్డాను. అప్పుడు మా అత్తయ్య వచ్చి చూసి, "పారాణి చేశావు కదే" అన్నారు. నిజమే. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అయినట్టే, సబ్బులోనూ వంటసోడాలోనూ ఉన్న క్షారానికి పసుపు ఎర్రబడుతుంది. వెంటనే ఒక వంతు వెనిగర్‌కు నాలుగు వంతుల నీళ్లు కలిపి అద్దితే ఎరుపు వెనక్కి తగ్గి మళ్లీ పసుపైంది. పులుపుకు పసుపు తన రంగుకు తాను వస్తుంది. అయితే వెనిగర్ పసుపును తీసేయదు. తీసింది ఎండ. మేడ మీద మూడు రోజులు మరక వైపు పైకి పెట్టి ఆరేశాను. మొదటి సాయంత్రానికే సగం వెలిసింది, మూడో రోజుకు నిమ్మపండు తొక్కంత లేతగా, వారానికి వెతికితేగానీ కనపడనంతగా అయింది. పసుపుకు ఎండను మించిన మందు నాకు ఇంతవరకూ దొరకలేదు. ఎండలో అసలు రంగు కూడా కొంత వెలుస్తుంది కాబట్టి ఉన్ని తివాచీని మాత్రం నేను అలా వేయను. ఇంట్లో పసుపు, సున్నంతో చేసిన కుంకుమ ఒలికినా ఇదే లెక్క. తడి చేయకముందే పొడిపొడిగా వాక్యూమ్‌తో లాగేయాలి. మిగిలినదాన్ని ఊదకండి, వేలితో తుడవకండి. అంటుకునే టేపును ఒత్తి లేపితే చాలావరకు వచ్చేస్తుంది.

అందరూ చెప్పే వెనిగర్, వంటసోడా కలిపిన పొంగు మందు నాకు పనికిరాలేదని ధైర్యంగా చెబుతాను. రెండేళ్లు అదే వాడాను. బుసబుసా పొంగుతుంటే మురికి లేస్తోందనే అనుకున్నాను. కానీ పులుపు, క్షారం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పొంగు అణిగాక మిగిలేది నీళ్లు, కాస్త ఉప్పులాంటి పదార్థం. మరకను తీసే బలం రెండింటికీ పోతుంది. విడివిడిగా వాడితే రెండూ మంచివే. టీ, డికాక్షన్, ద్రాక్షరసం లాంటి వాటికి నీళ్లు కలిపిన వెనిగర్ బాగా పనిచేస్తుంది. వాసనకు పొడి వంటసోడాను మించింది లేదు. మా చిన్నది రెండేళ్లప్పుడు పాలిప్రొపిలీన్ కార్పెట్ మీద ఎన్నిసార్లు పాసు పోసిందో లెక్కలేదు. ముందు పొడిగుడ్డతో పిండినట్టు అద్ది, చన్నీళ్లతో రెండుసార్లు అద్ది, తర్వాత పలచటి వెనిగర్, పూర్తిగా ఆరాక వంటసోడా జల్లి రాత్రంతా ఉంచి పొద్దున్నే వాక్యూమ్. వానాకాలంలో కూడా వాసన తిరిగి రాలేదు. ఆరకముందే సోడా జల్లితే మాత్రం తెల్లగా గడ్డకట్టి పోగుల్లో కూర్చుంటుంది.

ఉన్ని తివాచీ దగ్గర నేను నమ్ముకున్నది కుంకుడుకాయ. ఉన్ని కూడా వెంట్రుకే కదా, తలకు సరిపడేది దానికీ సరిపడుతుంది. సోడా, బట్టల సబ్బు, చాకలి సోడా లాంటి క్షారాలు ఉన్నిని బిరుసుగా చేస్తాయి. కుంకుడు రసం అలా కాదు, కాస్త పులుపు గుణం ఉన్నది. పది పన్నెండు కాయలు కొట్టి, గింజ తీసేసి, అరలీటరు గోరువెచ్చటి నీళ్లలో రాత్రి నానబెడతాను. పొద్దున పిసికి గుడ్డలో వడకట్టి, కవ్వంతో మజ్జిగ చిలికినట్టు చిలుకుతాను. నురగ గిన్నె అంచుదాకా లేస్తుంది. తివాచీకి పట్టించాల్సింది ఆ నురగనే, కింది రసాన్ని కాదు. నురగను గరిటెతో తీసి మరక మీద పెట్టి, మెత్తటి బ్రష్షుతో నేత వాలిన వైపుకే నడపాలి. రెండు నిమిషాల్లో నురగ బూడిదరంగుకు తిరుగుతుంది. దాన్ని చెంచాతో గీరి తీసేసి, తడిపి గట్టిగా పిండిన గుడ్డతో రెండుమూడు సార్లు అద్దితే చాలు. అడుగుదాకా తడవదు, రంగు కదలదు. తాతయ్య కాలం నాటి కాఫీ మరకొకటి నాలుగుసార్లు ఇలా చేశాక మసకబారింది, పూర్తిగా పోలేదు. కొత్త మరకలైతే ఒకటి రెండుసార్లకే పోతాయి. లోటు కూడా చెప్పాలి. తెల్లటి నూలు మీద కుంకుడు రసం లేత పసుపు ఛాయ వదిలింది. జంపఖానా మధ్య తెల్ల చారలకు ఇది వాడను. రసం రెండో రోజుకే పులిసి వాసన వేస్తుంది, ఎప్పటికప్పుడు చేసుకోవాల్సిందే.

గిన్నెలు తోమే లిక్విడ్ గురించి తెలియడానికి ఏడాది పట్టింది. జిడ్డు మరకకు అది వేస్తే ఆ పూట అద్దంలా శుభ్రమయ్యేది. నెల తిరిగేసరికి సరిగ్గా అదే చోట నల్లమచ్చ. మరక మళ్లీ వచ్చిందని ఇంకాస్త సబ్బు వేసేదాన్ని. తర్వాత వేలితో తడిమితే అక్కడ కొద్దిగా జిగురు తగిలింది. కడగకుండా మిగిలిన సబ్బే కాళ్ల దుమ్మును పట్టుకుంటోంది. ఇప్పుడు గ్లాసు నీళ్లకు పావు చెంచా మించి వేయను. సబ్బు అద్దినన్నిసార్లూ మంచినీళ్లు అద్దుతాను, చివరిసారి చుక్క వెనిగర్ వేసిన నీళ్లు.

ఆవకాయ నూనెకు నీళ్లు తగలకముందే పొడి పడాలి. శనగపిండి వేయమంటారు, వేశాను. నూనె పీల్చింది గానీ పోగుల్లో పసుపు మిగిలి, పురుగు కూడా చేరింది. టాల్కం పౌడర్ మేలు. ఒత్తుగా జల్లి, మీద కాగితం పరిచి రాత్రంతా ఉంచి, పొద్దున లాగేసి మరోసారి జల్లాలి. ఆ తర్వాతే పలచటి సబ్బునీళ్లు. కారం ఎరుపు వెంటనే పోలేదు, జంపఖానాకైతే దానికీ ఎండే దిక్కయింది.

పాలు కలిపిన ఫిల్టర్ కాఫీ ఒలికితే వరస ముఖ్యం. పాలలో కొవ్వు ఉంటుంది కాబట్టి ముందు చన్నీళ్లు, తర్వాత పలచటి సబ్బు, ఆ తర్వాత వెనిగర్. వెనిగర్‌తో మొదలుపెడితే పాలు విరిగి పోగుల్లో పట్టుకుంటాయి. అప్పటికీ గోధుమరంగు గీత మిగిలితే హాలు కార్పెట్ మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడాను. మెడికల్ షాపులో మామూలుగా దొరికేది 6 శాతం, సమానంగా నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది. గ్లౌజులు వేసుకుని, దూదితో అద్ది, అరగంట ఆగి నీళ్లతో అద్దాలి. పాలిప్రొపిలీన్‌కు దారం తీసేటప్పుడే రంగు కలుపుతారు కాబట్టి తట్టుకుంది. ఇదే మందు జంపఖానా ఎర్ర అంచుకు తగిలి రూపాయి బిళ్లంత చోటు గులాబీ రంగుకు మారింది. ముందు మూలన, కనపడని వైపు పరీక్షించి ఉంటే ఆ మచ్చ వచ్చేది కాదు. అప్పటినుంచి ఏ మందైనా అడుగువైపు అంచు మీద తెల్లగుడ్డతో ఒత్తి, గంట ఆగి, గుడ్డకు రంగు అంటలేదని చూశాకే ముందుకెళ్తాను. ఉన్ని మీద పెరాక్సైడ్ ప్రయత్నించనే లేదు.

ఒక దీపావళికి కొవ్వొత్తి కారింది. ఐసు ముక్కలు కవర్లో వేసి పెట్టి, మైనం గట్టిపడ్డాక చిట్లగొట్టి తీయడం మంచి పద్ధతి. నేను తొందరపడి పాత పేపరు వేసి ఇస్త్రీపెట్టె పెట్టాను. పాలిప్రొపిలీన్ 160 డిగ్రీల దగ్గర్లోనే కరుగుతుంది. పోగులు అట్టకట్టి గాజులా మెరిశాయి, దానికి వైద్యం లేదు. ఉన్ని మీదైతే తక్కువ వేడితో కాగితం పద్ధతి పనిచేసింది. రక్తపు మరకకు చన్నీళ్లు, కాస్త ఉప్పు. వేణ్నీళ్లు పోస్తే గడ్డకట్టి దిగబడిపోతుంది.

నీళ్ల దగ్గర పిసినారిగా ఉండమని ఎందుకు చెబుతున్నానంటే, ఒక జూలైలో తివాచీని శుభ్రం చేసే దుకాణానికిచ్చాను. వాళ్లు వేణ్నీళ్లలో మొత్తం ముంచారు. ముసురులో అది ఆరడానికి ఐదు రోజులు పట్టింది. ఎర్రరంగు పూల నుంచి తెల్లకుచ్చుల్లోకి దిగింది, అడుగున ముక్కవాసన. ఆ వాసన పోగొట్టడానికి ఫ్యాను కింద కుర్చీల మీద రెండు వారాలు వేలాడదీయాల్సి వచ్చింది. కుచ్చుల ఎరుపు పోలేదు. ఆ తర్వాత దాన్ని ఇంటి గడప దాటించలేదు. వానాకాలంలో తడి పనే పెట్టుకోను, మరక పడితే అద్ది, బిందె పెట్టి, ఫ్యాను వేసి ఊరుకుంటాను.

బ్లీచ్‌ను మాత్రం ఎవరూ ముట్టుకోకండి. క్లోరిన్ బ్లీచ్ ఉన్నిని తినేస్తుంది. అంతకంటే ముఖ్యం, బ్లీచ్ మీద వెనిగర్ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపులు మూసిన గదిలో అది ప్రాణాంతకం. పాసు పడ్డ చోట కూడా బ్లీచ్ వద్దు, అందులోని అమ్మోనియాతో కలిసినా విషవాయువే. ఇంట్లో పిల్లలుంటే ఈ సీసాలన్నీ వేరువేరు అరల్లో పెట్టండి.

ఓడిపోయింది గోరింటాకు దగ్గర. ఆషాఢంలో మా చిన్నది చేతినిండా పెట్టుకుని తివాచీ మీద నిద్రపోయింది. ముద్ద ఊడి రాత్రంతా అక్కడే ఉంది. నురగ, వెనిగర్, నిమ్మరసం ఏదీ దాన్ని కదపలేదు. గోరింటాకు పండేది చర్మంలోని పదార్థం మీదే, ఉన్నిలోనూ ఆ జాతి పదార్థమే ఉంది కాబట్టి అక్కడా పండింది. ఆరేళ్లయింది, పాప వేలిముద్రంత నారింజ చుక్కలు మూడు ఇంకా ఉన్నాయి. రంగు కొంచెం ముదిరింది కూడా.