పిడికిలి పట్టా, పిక్క చుట్టుకొలతా?
ఆస్పత్రిలో చేరిన పెద్దవాళ్లలో కండ తగ్గిందేమో మంచం దగ్గరే చూడటానికి రెండు సులువైన దారులు.

ఖర్చు: పిక్క కొలిచే టేపుకు దాదాపు ఏమీ లేదు. పట్టుకు డైనమోమీటర్ (పిండితే బలాన్ని కిలోల్లో చూపే పరికరం) కొనాలి.

శ్రమ: రెండూ నిమిషాల పనే.

హద్దు (కండ క్షీణతపై 2019 ఆసియా మార్గదర్శకాలు): పిక్క మగవారికి 34, ఆడవారికి 33 సెం.మీ. లోపు, పట్టు మగవారికి 28, ఆడవారికి 18 కిలోల లోపు ఉంటే అనుమానించాలి.

రిస్క్: కాళ్ల వాపు ఉంటే టేపు మోసం చేస్తుంది, నీరు కూడా కండ లెక్కలోకి వచ్చేస్తుంది. ఊబకాయంతోనూ అదే చిక్కు. పట్టుకు కీళ్లనొప్పులు, చేతికి సెలైన్ సూది అడ్డం. మతి స్థిమితం లేకపోతే మరీ కష్టం, చెప్పింది అర్థమైతేనే కదా గట్టిగా పిండేది!

మాట వినే రోగికైతే నా ఓటు పట్టుకే. వయసుతో కండ కంటే బలమే వేగంగా పడిపోతుంది. మగతలో ఉండి, కాళ్ల వాపు లేనివారికి టేపు. రెండూ కుదరకపోతే, చేరకముందు నడక, మెట్లెక్కడం ఎలా ఉండేవో ఇంట్లోవాళ్లను అడగాలి.