ఉక్కు పొరల మానిఫోల్డ్ ప్యాకింగ్: ఏళ్ల తరబడి వాడాక

నాది నాలుగు సిలిండర్ల చిన్న పెట్రోలు కారు. హెడ్ (ఇంజిన్ పై భాగం) అల్యూమినియంది, దానికి బిగించే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (పొగను బయటికి పంపే గొట్టాలు) పోతఇనుముది, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (గాలిని లోపలికి తెచ్చేది) ప్లాస్టిక్‌ది. ఎగ్జాస్ట్ వైపు హెడ్‌కూ మానిఫోల్డ్‌కూ నడుమ సందు మూసే గ్రాఫైట్ ప్యాకింగ్ (గాస్కెట్) పోయినప్పుడు దాని బదులు ఎంఎల్ఎస్ రకం, అంటే పల్చటి స్టీలు రేకులు పొరలుగా పేర్చిన గాస్కెట్ వేశాను. ఇన్‌టేక్ వైపు ఫ్లోరో రబ్బరు సీళ్లు వేశాను. ఇన్నేళ్ల తర్వాత స్టీలు గాస్కెట్ మీద నాకు గట్టి నమ్మకం కుదిరింది. కాకపోతే అది కూర్చునే ముఖం చదునుగా లేకపోతే ఎంత మంచి ప్యాకింగ్ వేసినా దండగే.

ముందు పోయిందని ఎలా తెలుస్తుందో చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. ఎగ్జాస్ట్ ప్యాకింగ్ లీకైతే రాత్రంతా ఆగిన ఇంజిన్‌ను పొద్దున స్టార్ట్ చేయగానే టిక్ టిక్‌మని వినిపిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఆ చప్పుడు వేగమవుతుంది, పెరుగుతుంది. ఇంజిన్ వేడెక్కేకొద్దీ ఇనుము వ్యాకోచించి సందు మూసుకుంటుంది, చప్పుడు తగ్గిపోతుంది. అందుకే బండి నడుపుకుంటూ షెడ్డుకు తీసుకెళ్తే అక్కడ ఏమీ వినిపించదు. ముందురోజే అక్కడ వదిలి, చల్లగా ఉన్నప్పుడు మెకానిక్ చేతే స్టార్ట్ చేయించడం మేలు. టాపెట్ (వాల్వును తెరిచే భాగం) చప్పుడని పొరబడి వాల్వు క్లియరెన్స్ సరిచేసే వాళ్లున్నారు. హీట్ షీల్డ్ (మానిఫోల్డ్ మీది వేడి ఆపే రేకు) విప్పి చూస్తే అనుమానం తీరిపోతుంది: లీకున్న పోర్టు (పొగ బయటికొచ్చే రంధ్రం) దగ్గర హెడ్ మీద నల్లటి మసి చార ఉంటుంది.

మైలేజీ పడిపోవడానికీ ఇది కారణం కావచ్చు. ఎగ్జాస్ట్ గ్యాసు ఒక్కో తోపుగా వస్తుంది. రెండు తోపుల నడుమ పైపులో ఒత్తిడి తగ్గినప్పుడు ఆ సందులోంచే బయటిగాలి లోపలికి వస్తుంది. ఆక్సిజన్ సెన్సార్ దాన్ని చూసి పెట్రోలు చాలట్లేదని చెబుతుంది, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ఇంకాస్త పోస్తుంది. సెన్సార్ బాగానే ఉన్నా మార్చేయడం ఇలాంటప్పుడే జరుగుతుంది. ఇంతకంటే ముఖ్యమైనది ప్రాణం సంగతి. బానెట్ కింద లీకైన పొగ ఏసీ గాలి ద్వారంలోంచి లోపలికి రావచ్చు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. వాసన రావట్లేదు కదా అని దయచేసి వాయిదా వేయకండి.

ఇన్‌టేక్ వైపు లక్షణాలు వేరు. ఐడిలింగ్ నిలకడగా ఉండదు, సన్నగా బుస్సుమంటుంది. ఎయిర్‌ఫ్లో సెన్సార్ (లోపలికొచ్చే గాలిని కొలిచేది) ఉన్న కార్లలో పి0171 కోడ్, అంటే గాలికి తగ్గ పెట్రోలు లేదనే సంకేతం వస్తుంది. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోలును ఎంత పెంచిందో, తగ్గించిందో చూపే శాతం) ఐడిలింగ్‌లో బాగా ప్లస్‌లో ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర సున్నా వైపు దిగితే వాక్యూమ్ లీకని (అదనపు గాలి పీల్చే సందు ఉందని) దాదాపు ఖాయం చేసుకోవచ్చు. చాలా చిన్న కార్లలో ఎయిర్‌ఫ్లో సెన్సార్ బదులు మ్యాప్ సెన్సారే (ఇన్‌టేక్‌లో ఒత్తిడి కొలిచేది) ఉంటుంది. వాటిలో కోడ్ రాకుండా ఐడిలింగ్ పెరిగి ఊరుకోవచ్చు. లీకు ఎక్కడో పట్టుకోవడానికి స్మోక్ టెస్ట్ (లోపలికి పొగ పంపి ఎక్కడ బయటికొస్తుందో చూడటం) చేయించండి. వేడి మానిఫోల్డ్ పక్కన క్లీనర్ స్ప్రే కొట్టి చూస్తే మంట అంటుకునే ప్రమాదం ఉంది.

మార్చే పనిలో కష్టమంతా స్టడ్ల (హెడ్‌లో దిగి ఉండి నట్టు ఎక్కే మరల) దగ్గరే. తుప్పు వదిలించే ఆయిల్ ముందురోజు సాయంత్రమే పోసి నాననివ్వాలి. నట్టు మొండికేస్తే బలం పెట్టకుండా కొంచెం బిగించి, కొంచెం వదిలి, అలా అలా తిప్పాలి. హెడ్‌లో స్టడ్ విరిగితే ప్యాకింగ్ పని కాస్తా పెద్ద రిపేరవుతుంది. పోర్టుల్లో గుడ్డలు కుక్కి, ప్లాస్టిక్ స్క్రేపర్‌తో పాత ప్యాకింగ్ గీకాలి. రాపిడి డిస్క్ పెడితే అల్యూమినియం గుంటలు పడుతుంది, ఆ పొడి ఇంజిన్‌లోకి పోతుంది. తర్వాత మానిఫోల్డ్ ముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టి, సందు కొలిచే పల్చటి రేకుల ఫీలర్ గేజ్‌తో చూడాలి. చివరి పోర్టుల దగ్గర వంపు తిరగడం మామూలే. మాన్యువల్‌లో ఇచ్చిన హద్దు దాటితే లేతు షాపులో ముఖం తీయించాల్సిందే, అంటే చదునుగా చెక్కించాలి. ఈ మెట్టు వదిలేసినందుకే కొత్త ప్యాకింగులు కొద్ది నెలల్లో మళ్లీ లీకవుతుంటాయి.

నట్లు కొత్తవి వేయాలి. నడుమ నుంచి చివరలకు, రెండు మూడు విడతల్లో, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఎంఎల్ఎస్‌కు ఏ పేస్టూ పూయకూడదు. ప్లాస్టిక్ ఇన్‌టేక్‌ను అతిగా బిగిస్తే పగులుతుంది.

ఇక వాడకం. గ్రాఫైట్ ఉన్నప్పుడు అంచుల్లో పొడిపొడిగా రాలేది. ఇనుము, అల్యూమినియం ఒకే కొలతలో వ్యాకోచించవు కాబట్టి స్టార్ట్ చేసి ఆపిన ప్రతిసారీ మానిఫోల్డ్ కాస్త జరుగుతుంది, మధ్యలో ప్యాకింగ్ నలుగుతుంది. స్టీలు పొరలు ఆ జరుగుడును తట్టుకున్నాయి. చలి ఉదయాల్లోనూ టిక్ చప్పుడు మళ్లీ రాలేదు, నట్లు మళ్లీ బిగించే అవసరమూ పడలేదు. ఇన్‌టేక్ సీళ్లు కూడా గట్టిపడలేదు, ఐడిలింగ్ స్థిరంగా ఉంది.

లోపం ఒకటే, స్టీలు గుంటల్ని క్షమించదు. తుప్పుతో గుంటలు పడి, ముఖం తీయించే వీలు కూడా లేని మానిఫోల్డ్‌కైతే గ్రాఫైటే నయం, అది మెత్తగా ఆ గుంటల్లో కూర్చుంటుంది. ప్యాకింగ్ కొనేముందు మానిఫోల్డ్ కడిగి, పోర్టులు కలిసే మూలల్లో సన్నటి పగుళ్లున్నాయేమో వెలుతుర్లో చూసుకోండి. పగులుంటే టిక్ చప్పుడు అచ్చం ఇలాగే ఉంటుంది, దాన్ని ఏ ప్యాకింగూ ఆపలేదు.